వేరుకుళ్లు ఉన్న చేలో సరుగుడు మళ్లీ వేయాలంటే: మేలుచేసే శిలీంధ్రాలతో మోడు నుంచి మొక్క దాకా

కోస్తాలో సరుగుడు నరికిన చేలో మళ్లీ సరుగుడే నాటడం మామూలు. మూడు నాలుగేళ్లకు కోత, కాగితం మిల్లుకో వాసాలకో అమ్మకం, వానలు పడగానే మళ్లీ నాటు. మొదటి తోట నిండుగా వస్తుంది. రెండో తోటలో అక్కడొకటి ఇక్కడొకటి పసుపెక్కి ఎండుతుంది. మూడో తోటకు ఆ ఎండిన చోట్లు మడుల్లా విస్తరిస్తాయి. అప్పుడు రైతు ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం పొడి ప్యాకెట్టు తెచ్చి, ఎండుతున్న చెట్టు మొదట్లో పోస్తాడు. చెట్టు చస్తుంది. "ఈ పొడి పనిచేయదు" అన్న మాట ఊళ్లో మిగులుతుంది.

పొడి మంచిదే అయినా వేసిన చోటు, వేసిన వేళ తప్పు. వేరుకుళ్లు తెచ్చే గానోడెర్మా అనే శిలీంధ్రం బతికేది పాత మోడులో, నేలలో వదిలేసిన పాత వేర్లలో. మేలుచేసే శిలీంధ్రం దానికంటే ముందు కొత్త మొక్క వేరు చుట్టూ చేరి ఉండాలి. చావుబతుకుల్లో ఉన్న చెట్టుకు అది మందు కాదు, రాబోయే తోటకు కాపలా. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నీ ఆ వరుసలోనే సాగుతాయి: ముందు మోడు, తర్వాత ఎరువు, తర్వాత నారు, ఆ తర్వాత గుంత.

1. ముందు తెగులేదో తేల్చుకోండి

సరుగుడు ఎండడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ట్రైకోడెర్మాతో ఏ ప్రయోజనమూ లేదు. ఈ ఒక్క పనికి ఒక పూట కేటాయించండి. గునపం, పార, కత్తి, ఒక గాజు గ్లాసు చాలు.

పూర్తిగా ఎండిన చెట్టును కాకుండా, సగం పసుపెక్కిన చెట్టును ఎంచుకోండి. మొదలు చుట్టూ రెండడుగుల మేర మట్టి తీసి, పక్క వేర్లను బయటపెట్టండి.

గానోడెర్మా అయితే వేరు బెరడు సులువుగా ఊడి వస్తుంది. లోపలి కర్ర తెల్లబారి, తేలికై, నారలు నారలుగా విడిపోతుంది. వానాకాలంలో చెట్టు మొదట్లోనో, పైకి తేలిన వేరు మీదనో గట్టి పుట్టగొడుగు పుడుతుంది. దాని పైభాగం లక్క పూసినట్టు ఎర్రగోధుమ రంగులో మెరుస్తుంది, అడుగు తెల్లగా ఉంటుంది. దాని చుట్టూ గోధుమ రంగు పొడి రాలి ఉంటే అవి బీజాలు. పుట్టగొడుగు కనిపించిందంటే శిలీంధ్రం లోపల ఎప్పటి నుంచో కాపురం చేస్తోందని అర్థం. కనిపించనంత మాత్రాన లేదని కాదు.

బెరడు బొబ్బల్లా ఉబ్బి, అవి పగిలితే లోపల నల్లటి పొడి కనిపిస్తే అది సరుగుడుకు బాగా తెలిసిన మరో ఎండు తెగులు. దాన్ని కలిగించే శిలీంధ్రం ట్రైకోస్పోరియం. అది బెరడు కింద కాండం మీదికి పాకుతుంది. అలాంటి చెట్లను వెంటనే నరికి తోట బయటకు చేర్చడమే ముఖ్యం.

మూడోది బ్యాక్టీరియా ఎండు తెగులు. అనుమానం ఉన్న వేరును గానీ కాండం మొదలును గానీ అడ్డంగా కోసి, ముక్కను నీళ్ల గ్లాసులో కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి ధార కిందికి దిగితే అది బ్యాక్టీరియా. శిలీంధ్రాల గురించి చెప్పే ఈ పద్ధతి దానికి సరిపోదు.

నీరు నిలిచి వేర్లు నల్లబడటం, చెదలు తినేయడం కంటికే తెలుస్తాయి. అయితే ఒక జాగ్రత్త. కుళ్లిన వేరును చెదలు వెతుక్కుంటూ వస్తాయి. చెదలు కనిపించగానే నేరం వాటి మీద వేసి ఊరుకోకండి. చెదలు చేరని వేరును కూడా కోసి చూడండి. అనుమానం తీరకపోతే బతికున్న భాగం, కుళ్లిన భాగం కలిసిన వేరు ముక్కను కాగితంలో చుట్టి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి. పాలిథిన్ సంచిలో పెడితే చెమ్మకు వేరే బూజులు పట్టి గుర్తించడం కష్టమవుతుంది.

2. శత్రువు ఎలా నడుస్తుందో తెలిస్తేనే కాపలా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది

గానోడెర్మా మట్టిలో స్వేచ్ఛగా తిరిగే బూజు కాదు. దానికి కర్ర కావాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ముఖ్యంగా వేరు వేరు తగిలిన చోట పాకుతుంది. తోట నరికినప్పుడు చెట్టు చచ్చినా మోడు, వేర్లు నేలలోనే ఉంటాయి. వాటిని తింటూ అది ఏళ్ల తరబడి బతుకుతుంది. కొత్త మొక్క వేరు వచ్చి ఆ పాత వేరును తాకిన రోజు తెగులు అంటుకుంటుంది. ఎండే చోట్లు ఒక్కో నాటుకు పెరుగుతూ పోవడానికి కారణం ఇదే. ఇండొనేషియాలోని సుమత్రాలో అకేషియా మాంజియం తోటలను గానోడెర్మా ఇలాగే పంట పంటకూ ఎక్కువగా దెబ్బతీసింది.

శిలీంధ్రాన్ని శిలీంధ్రంతో అడ్డుకోవచ్చని అడవుల్లో గట్టిగా నిరూపించిన కథ ఇంగ్లండుది. అక్కడి పైన్ అడవుల్లో హెటెరోబాసిడియాన్ అనే వేరుకుళ్లు శిలీంధ్రం తాజాగా కోసిన మోడు మీద గాలిలో వచ్చి వాలుతుంది, మోడులోంచి వేర్లలోకి దిగుతుంది, అక్కడి నుంచి పక్క చెట్టుకు పోతుంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ రిష్‌బెత్ ఒక విషయం గమనించారు. ఫ్లెబియోప్సిస్ జైగాంటియా అనే మరో శిలీంధ్రం ముందుగా చేరిన మోడులో హెటెరోబాసిడియాన్‌కు చోటు దొరకడం లేదు. ఫ్లెబియోప్సిస్ బతికున్న చెట్టు జోలికి పోదు, చచ్చిన కర్రనే తింటుంది. దాని బీజాలను కోసిన వెంటనే మోడుకు పూయడం గురించి ఆయన 1963లో ప్రచురించారు. తర్వాత ఫిన్లాండులో అదే శిలీంధ్రం రాట్‌స్టాప్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు అక్కడ చెట్టు కోసే యంత్రమే కోతతో పాటు ఆ ద్రావణాన్ని మోడు మీద చిమ్ముతుంది. మోడు ఏ మేరకు తడిసిందో కనిపించడానికి రంగు కూడా కలుపుతారు.

ఆ శిలీంధ్రం పైన్, స్ప్రూస్ మోళ్లకు సంబంధించినది. మన సరుగుడుకూ గానోడెర్మాకూ దాన్ని తెచ్చి వాడే ప్రయత్నం చేయకండి. మనకు పనికొచ్చేది ఆ పాఠం ఒక్కటే: ఎవరు ముందు చేరితే మోడు వాళ్లది.

మన దగ్గర ఆ కాపలా పని చేసేది ట్రైకోడెర్మా. ఇది ఇతర శిలీంధ్రాలను చంపి తింటుందని 1932లోనే రిచర్డ్ వైండ్లింగ్ చూపించారు. దాని దారాలు శత్రువు దారాలను చుట్టుకుంటాయి, గోడలను కరిగించే ఎంజైములు వదులుతాయి, ఆహారాన్నీ చోటునూ ముందే ఆక్రమిస్తాయి. దీని హద్దు కూడా తెలుసుకోవాలి. లావుపాటి మోడు లోపల గట్టి కర్రలో స్థిరపడిన గానోడెర్మాను ఇది బయటకు తరిమేయలేదు. మట్టిలో, వేరు పైపొర మీద, సన్నటి వేరు ముక్కల్లో దీని బలం కనిపిస్తుంది. కాబట్టి లావు కర్రను మనం తీయాలి, సన్న కర్రను దానికి వదలాలి.

3. మోళ్లు తీయడం

ఇది ఖర్చుతో కూడిన పని, అందుకే అందరూ దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో సగం బలం ఇక్కడే ఉంది. దీన్ని వదిలేసి ఎన్ని కిలోల పొడి వేసినా ఫలితం అంతంతే.

నరకకముందే ఎండిన చెట్లకూ, వాటి చుట్టూ రెండు వరుసల్లో ఉన్న చెట్లకూ సున్నంతో గుర్తు పెట్టండి. నరికాక ఏది ఎక్కడుందో తెలియదు. మొత్తం చేలో మోళ్లు తీయించే స్తోమత లేకపోతే గుర్తు పెట్టిన చోట్లలోనైనా తీయించండి. జేసీబీతో పెకలిస్తే బొటనవేలి కంటే లావైన పక్క వేర్లు కూడా వచ్చేలా చూడండి. మోడును ఆ గుంత దగ్గరే దులిపి, కుళ్లిన ముక్కలను అక్కడే పోగేసి కాల్చండి. వంటచెరకుగా పనికొస్తే నేరుగా బండికెక్కించండి. చేను పొడవునా ఈడ్చుకుపోతే తెగులును మీరే పంచినట్టవుతుంది.

ఆ తర్వాత ఎండాకాలం లోతు దుక్కి. పైకి వచ్చిన వేరు ముక్కలను ఏరించండి. ఎండకు ఆరిన సన్న ముక్కల్లో గానోడెర్మా బలహీనపడుతుంది, ఆ తర్వాత వాటిని ట్రైకోడెర్మా సులువుగా ఆక్రమిస్తుంది.

తోట ఇంకా కోతకు రాకముందే తెగులు కనిపిస్తే కందకం తవ్వాలి. ఎండిన చెట్టు చుట్టూ కాదు, బయటికి ఆరోగ్యంగా కనిపించే మొదటి వరుసను కూడా లోపలేసుకుని తవ్వాలి. అడుగు వెడల్పు, రెండు నుంచి మూడు అడుగుల లోతు ఉండాలి, పక్క వేర్లన్నీ తెగాలి. తవ్విన మట్టిని లోపలి వైపే వేయండి. ఇసుక నేలలో గట్లు కూలిపోతాయి కనుక వానల తర్వాత మళ్లీ సరిచేయక తప్పదు.

4. పొడి కొనేటప్పుడు

ట్రైకోడెర్మా విరిడి, హార్జియానం, ఆస్పెరెల్లం అనే పేర్లతో దొరుకుతుంది. జాతి పేరు కంటే ముందు చూడాల్సింది అది బతికుందా లేదా అన్నది. టాల్క్ పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. ప్యాకెట్టు మీద ఈ సంఖ్య, కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. నాలుగు నెలలు దాటినది తీసుకోకండి. ఎండలో పెట్టిన అట్టపెట్టెలోది తేదీ కొత్తదైనా వద్దు. విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాల జీవనియంత్రణ ప్రయోగశాలల్లో దొరికితే అక్కడే తీసుకోండి. కొబ్బరి రైతులకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి పనికి చిరపరిచితం.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. రెండు గిన్నెల్లో ఉడికించి చల్లార్చిన అన్నం కొంచెం కొంచెం వేయండి. ఒకదాంట్లో చిటికెడు పొడి కలపండి, రెండోదాంట్లో ఏమీ కలపకండి. రెండింటినీ పల్చటి గుడ్డ కప్పి నీడన ఉంచండి. నాలుగైదు రోజుల్లో పొడి కలిపిన గిన్నెలో తెల్లటి బూజు పట్టి, అది ముదురు ఆకుపచ్చకు తిరగాలి. రెండు గిన్నెల్లోనూ ఒకేలా రంగురంగుల బూజు పడితే పరీక్ష చెల్లదు, మళ్లీ చేయండి. ఏ గిన్నెలోనూ ఏమీ రాకపోతే ఆ పొడి దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. చూసేశాక ఆ అన్నం పశువులకు పెట్టకుండా పాతిపెట్టండి.

5. ఎరువులో పెంచడం

పొడిని నేరుగా మట్టిలో చల్లితే ఎక్కువ భాగం వృథా. కోస్తా ఇసుక నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, ట్రైకోడెర్మాకు అక్కడ తిండి ఉండదు. ఎరువులో పెంచి వేస్తే తిండితో సహా వెళ్తుంది, కణాల సంఖ్యా పెరుగుతుంది.

కొలత: బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు.

చెట్టు నీడనో కొట్టంలోనో పని పెట్టుకోండి. ఎరువు పచ్చిదైతే కుప్ప లోపల వేడెక్కి ట్రైకోడెర్మా చస్తుంది. చేయి లోపలికి పెట్టినప్పుడు చల్లగా తగలాలి, పేడ వాసన రాకూడదు. ఎరువును, వేపపిండిని కలిపి, పలుచటి బెల్లం నీళ్లు చిలకరించండి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ఈ తేమ కుదిరితే సగం పని అయినట్టే. ఇప్పుడు పొడిని పొరలు పొరలుగా చల్లి బాగా కలియబెట్టి, అడుగున్నర ఎత్తుకు మించకుండా పరుపులా పేర్చి, తడి గోనెసంచులు గానీ కొబ్బరాకులు గానీ కప్పండి. పాలిథిన్ పట్టాతో బిగించకండి, దానికి గాలి కావాలి.

మూడు నాలుగు రోజులకోసారి తిరగేసి, ఆరితే నీళ్లు చల్లండి. వారం నుంచి పది రోజుల్లో తెల్లటి బూజు, ఆపైన ఆకుపచ్చ పొడి కనిపిస్తాయి. పదిహేను రోజులకు వాడకానికి సిద్ధం. అప్పటి నుంచి నిల్వ పెట్టకుండా వారంలోపు వాడేయండి. నల్లటి బూజు పట్టినా, కుళ్లు వాసన వచ్చినా ఆ కుప్పను పక్కన పెట్టి కొత్తది వేయండి. తిరగేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆయాసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. కుప్పలో రసాయన ఎరువులు, బూడిద, సున్నం కలపకండి.

6. నారు దగ్గరే మొదలుపెట్టండి

నారుమడిలో ఇంకో మేలుచేసే శిలీంధ్రం తోడవుతుంది. మైకోరైజా వేరు లోపలే కాపురం పెట్టి, తన సన్నటి దారాలను మట్టిలోకి దూరంగా చాచి, భాస్వరాన్నీ నీటినీ తెచ్చిపెడుతుంది. వేరుకు ముందే చుట్టం వచ్చి కూర్చుంటే శత్రువుకు చోటు తగ్గుతుంది. సరుగుడుకూ టేకుకూ వేపకూ ఎర్రచందనానికీ వెసిక్యులర్ అర్బస్కులర్ రకం మైకోరైజా పనికొస్తుంది. దుకాణాల్లో దీన్ని వామ్ అంటారు. జామాయిల్ దీనితో పాటు పైసోలితస్ లాంటి బయటి పొర మైకోరైజాను కూడా అందుకుంటుంది. వామ్ కొనేటప్పుడు గ్రాముకు కనీసం 100 జీవ ప్రత్యుత్పత్తి కణాలు ఉన్నట్టు ప్యాకెట్టు మీద చూసుకోండి.

సంచుల్లో పెంచే మొక్కకు వామ్ 5 నుంచి 10 గ్రాములు వేరు కిందే పడేలా గుంటలో వేసి, దానిపైన మొక్కను పెట్టండి. పైన చల్లితే లాభం లేదు, వేరు దాన్ని తాకాలి. ఆ సంచుల మట్టిలో సూపర్ ఫాస్ఫేట్ ఎక్కువ వేయకండి. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క మైకోరైజాను దగ్గరికి రానివ్వదు. వామ్ వేసిన రెండు మూడు వారాల తర్వాత ట్రైకోడెర్మా ఎరువు పిడికెడు పైన కలపండి. రెండూ ఒకే రోజు కలపడం నాకిష్టం లేదు, మైకోరైజాకు వేరులో కుదురుకునే వ్యవధి ఇవ్వాలి.

నారుమడిలో మొలకలు పడిపోతుంటే లీటరు నీటికి 10 గ్రాముల పొడి కలిపి మడి తడపండి. విత్తనానికి కిలోకు 4 గ్రాములు పట్టించవచ్చు.

సరుగుడు నారును మడిలోంచి పీకి, మట్టి లేని వేర్లతో కట్టలు కట్టి తెచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. అలాంటప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల పొడి, కొంచెం పేడనీళ్లు కలిపిన చిక్కటి ద్రావణంలో వేర్లను అరగంట ముంచి నాటండి. ముంచాక ఎండలో పెట్టకూడదు.

7. నాటే రోజు

మీటరున్నర దూరంలో నాటితే ఎకరానికి సుమారు 1,800 మొక్కలు. గుంతకు 100 గ్రాముల ట్రైకోడెర్మా ఎరువు చొప్పున 180 కిలోలు కావాలి, అంటే పై కొలతలో రెండు కుప్పలు. నాటు తేదీకి మూడు వారాల ముందు కుప్పలు వేస్తే సరిగ్గా అందుతాయి. పాత తెగులు చోట్లలో గుంతకు పావుకిలో వేయండి. పాత మోడు గుంతలోనే కొత్త మొక్క పెట్టకండి, రెండు పాత వరుసల నడుమ నాటండి.

ఎర్రచందనం, టేకు మూడు మీటర్ల దూరంలో వేస్తే ఎకరానికి సుమారు 450 గుంతలు. అక్కడ గుంతకు కిలో వేయడం మంచిది.

ఎరువు గుంత మట్టిలో కలవాలి, పైన ఎండకు కనిపించకూడదు. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్నప్పుడు వేయండి. నైరుతి వానలు మొదలైనప్పుడు ఒకసారి, ఈశాన్య వానల్లో ఒకసారి, మొదటి రెండేళ్లూ పాదుల్లో పిడికెడు చొప్పున మళ్లీ వేయాలి. ఒక్కసారి వేసి వదిలేస్తే ఎండాకాలం దాటేసరికి ఇసుకలో వాటి సంఖ్య బాగా పడిపోతుంది.

8. కాపలాదారును మనమే చంపుకోకుండా

శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందు ట్రైకోడెర్మాకు బద్ధశత్రువు. ఆ మందు నేలలో పోసిన చోట కనీసం మూడు వారాలు ట్రైకోడెర్మా వేయకండి. బోర్డో మిశ్రమంతో నేల తడిపితే నెల ఆగండి. మురుగు నీరు నిలిచే చోట ఏ మేలుచేసే శిలీంధ్రమూ నిలవదు, ముందు కాలువ తీయండి.

తోట పక్కనే కొబ్బరి ఉంటే దాన్ని మరవకండి. కోనసీమలో కొబ్బరి మొదలు కుళ్లి బంక కారే తెగులుకు కారణం కూడా గానోడెర్మాయే. గట్టు కొబ్బరిలో అది ఉంటే సరుగుడుకు ముప్పే. కొబ్బరి చెట్టుకు ఏడాదికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి పాదులో వేసి నీరు పెట్టడం సిఫార్సులో ఉంది. రెండు తోటల నడుమ కందకం కూడా తవ్వండి.

9. జామాయిల్, సుబాబుల్ సంగతి

వీటి మోళ్లు చావవు, చిగురిస్తాయి. ఆ పిలకలనే తర్వాతి పంటగా పెంచుతారు కనుక మోడు తీయడం కుదరదు. కోత నున్నగా, నీరు జారేలా వాలుగా ఉండాలి. కోసిన రోజే పొడిని నీళ్లలో చిక్కగా కలిపి కోత మీద పూయండి, మొదలు చుట్టూ ట్రైకోడెర్మా ఎరువు వేయండి. పిలకలు రాని మోడు కనిపిస్తే దాని వేరు తవ్వి చూడండి. కుళ్లు ఉంటే ఆ ఒక్క మోడునూ వెంటనే పెకలించండి.

10. నాటాక ఏం చూడాలి

చేను పటం ఒకటి కాగితం మీద గీసుకుని, పాత తెగులు చోట్లు గుర్తు పెట్టండి. ఏటా వానలు వెనకబట్టాక ఆ చోట్ల దగ్గర నడిచి, పసుపెక్కిన మొక్కలు లెక్కపెట్టి తేదీతో రాయండి. మొదటి ఏడు తేడా తెలియదు, వేర్లు ఇంకా ఒకదాన్నొకటి తాకవు. రెండో ఏడాది చివర, మూడో ఏడాదిలో పక్కపక్క వేర్లు కలుస్తాయి, తెగులు తిరిగి తలెత్తేది అప్పుడే. అందుకే అందరూ తోట వైపు చూడడం మానేసే ఆ కాలంలోనే ఎక్కువ నడవాలి. లక్క రంగు పుట్టగొడుగు కనిపిస్తే బీజాలు రాలకముందే సంచి తొడిగి కోసి కాల్చేయండి, ఆ చెట్టు చుట్టూ కందకం తీయండి, బయటి రెండు వరుసల పాదుల్లో కిలో చొప్పున ట్రైకోడెర్మా ఎరువు వేయండి. ఎండిన చోటు వెడల్పు గత ఏడాది గీత దాటకుండా ఉంటే పద్ధతి పనిచేస్తున్నట్టే. దాటితే ఆ చోట్లో తర్వాతి పంటకు సరుగుడు మానుకుని, ఒకటి రెండు పంటలు పచ్చిరొట్ట, అపరాలు వేసి మోళ్లు పూర్తిగా కుళ్లనివ్వండి.